బాగా వినే యాప్

“నా ఓటు ఈ రెండో యాప్‌కేనండీ మేడమ్,” అంది షీబా టీచర్, బడికి ఏది కావాలో వాడి చూడమని వచ్చిన రెండు ట్యాబ్‌లూ హెడ్‌మిస్ట్రెస్ రాజకుమారి గారి బల్ల మీద పెట్టి. “మనం చదివింది విని తప్పులు దిద్దుతుంది. మూడు వారాలు మా ఇంట్లో రోజూ చదివి చూశాను. ఒక్క మాట పొల్లుపోకుండా వింటోంది.”

“పిల్లల చేత చదివించారా?”

“ఇంకా లేదండీ,” అంది షీబా.

రాజకుమారి ఐదో తరగతి గీతాంజలిని పిలిచింది. పెడనలో మగ్గాల ఇంటి పిల్ల. ఆ మగ్గాల చప్పుడులోనూ వినపడాలని గొంతెత్తి చదవడం అలవాటు. పక్క గదిలో ఎక్కాలు హోరెత్తుతుంటే పాఠం అందుకుంది.

“వినపడలేదు. మళ్ళీ చదవండి,” అంది ట్యాబ్. మూడుసార్లు చదివినా అదే మాట.

గీతాంజలి చిన్నబుచ్చుకుని మొదటి ట్యాబ్ అందుకుని చూసింది. “ఇదే బాగుంది టీచర్,” అంది. “అందులో పాఠం చూసుకుంటా ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం అప్పజెప్పుకోవచ్చు.”

పిల్ల వెళ్ళిపోయింది.

“మరి మీ ఇంట్లో అంత బాగా ఎలా విందమ్మా?” అంది రాజకుమారి.

“మా ఇంట్లో చప్పుడేం ఉండదు కదండీ.”

అనేశాక ఆ మాట షీబాకే కొత్తగా వినపడింది. పాఠం అయిపోగానే “రేపు మళ్ళీ కలుద్దాం, షీబా” అనేది ఆ యాప్. రోజు మొత్తంలో ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచే గొంతు అదొక్కటే.

రాజకుమారి ఫారంలో మొదటి యాప్‌కి టిక్కు పెట్టింది. “రెండోది ఇవాళే వెనక్కి పంపేద్దామా?”

“రేపు పంపుదామండీ,” అంది షీబా, ట్యాబ్ మీంచి చెయ్యి తియ్యకుండా.