చుక్కయినా కలవని పాలు

సీసా మీద అంకె తప్ప మరేమీ ఉండకూడదన్నది జ్ఞానేశ్వరి నియమం. ఏ పాలో, ఎందుకు పోసేవో, ఫలితం రాసేదాకా ఆమె చెవిన పడకూడదు.

నూట పదిహేడో నంబరు సీసాను ఒక ఊరి కమిటీవారు పంపారు. పాలు మునుపటిలా లేవని వారి అనుమానం. కల్తీ తేలితే రేపటి నుంచి వద్దన్నారు. అదే జరిగితే పాలు పోసే కిష్టయ్యకు తండ్రినాటి నుంచి వస్తున్న వాడిక పోతుంది. ఆ భయంతోనే అతడు పొద్దున్నే చిన్నకోడూరులో బస్సెక్కి, సిద్దిపేటలోని ఆమె ల్యాబుకు వచ్చి కూర్చున్నాడు.

"మేడం, గా పాలు..." అని అతడు నోరు విప్పబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఫలితం వచ్చేదాక ఒక్క ముచ్చట చెప్పొద్దు తాతా."

పదిహేనేళ్ళ అనుభవంలో, నీళ్ళు కాకుండా ఆమె ఎరిగిన కల్తీ ఒక్కటే: బర్రె పాలలో ఆవు పాలు కలపడం. జెల్ పలకకు ఒక కొసన ఆమ్లం, మరో కొసన క్షారం. కరెంటు పారించగానే పాలలోని ప్రోటీన్లు కదులుతాయి. దేని విద్యుదావేశం ఎక్కడ సున్నా అయితే అది అక్కడే ఆగిపోతుంది.

"బస్సుల ఎవల స్టేజీ కాడ వాళ్ళు దిగినట్టు," అని ఆమె వివరించింది. "ఆవుదొక స్టేజీ, బర్రెదొక స్టేజీ."

"ఒకదాని కాడ ఇంకోటి దిగదా?"

"సచ్చినా దిగదు."

కిష్టయ్య తువ్వాలతో నుదురు తుడుచుకున్నాడు. ఆమెకు జాలేసింది.

మధ్యాహ్నానికి గీతలు తేలాయి. బర్రె గీత నీలికాటుక దిద్దినట్టుంది. ఆవు గీత పడవలసిన చోటు నున్నగా, ఖాళీగా ఉంది. ముసలాయన నిజాయితీకి జ్ఞానేశ్వరి మనసు పొంగిపోయింది. రిపోర్టు సంతకం తడి ఆరకముందే కమిటీకి ఫోన్ చేసి, ఆవు పాలు చుక్కయినా లేవని చెప్పింది.

అవతలి నుంచి చుక్కయినా లేవా అని రెట్టించారు. లేనే లేవని ఆమె నొక్కి చెప్పింది. అనవసరంగా నిందవేశామని సిగ్గుపడుతున్నారు కాబోలనుకుంది.

"ఇగ నిమ్మలంగ ఇంటికి పో తాతా."

కిష్టయ్య బెంచీ మీద నుంచి లేవలేదు.

"ఆవు వట్టిపోయి నెలాయె మేడం," అన్నాడు మెల్లగా, "గుడి కమిటోళ్ళకు ఆవు పాలని చెప్పి అభిషేకానికి బర్రె పాలు పోస్తున్న."