దర్జీగేరి ఠాణా

కర్నూలును వరద ముంచి పదిహేనేళ్లయిన ఏడాది. పాతబస్తీలో దర్జీగేరి అనే వీధిలో ఠాణా ముందర వ్యాను ఆగింది. ఠాణా మూసేస్తున్నారు. కానిస్టేబుళ్లు బెంచీలు తెచ్చి ఎక్కిస్తున్నారు.

రామలింగప్ప వచ్చి వ్యానుకు అడ్డంగా కూర్చున్నాడు.

“లేయ్ పెద్దాయనా,” అన్నాడు ఎస్సై భూపేష్. “కేసుల్లేని ఠాణా ఎందుకు? పెద్ద స్టేషను వంతెన అవతలే ఉంది కదా.”

“వంతెన దాటి మీరొచ్చేలోపల అయిపోతాది సారూ.”

“ఏమైపోతాది?”

“ఖూనీ.”

కానిస్టేబుళ్లు ఎత్తిన బెంచీని కిందికి దించారు. ఎదురింట్లో బజ్జీలు వేస్తున్న బషీరాబీ మూకుడు దించి పరుగున వచ్చింది.

“నిజమే సారూ. రేపు పెద్ద ఈరన్న జైలు నుంచి వస్తాండాడు. ఈయప్ప కొడుకు ఉమామహేశ్వరను ఈ గేరిలోనే నరికినోడు. వాని ఇంటికీ ఈయప్ప ఇంటికీ నడుమ ఒకటే గోడ.”

ఎస్సై వచ్చి రామలింగప్ప పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“బెదిరించినాడా? కబురేమన్నా పంపినాడా?”

“లేదు.”

“మరి?”

“బయమైతాంది సారూ.”

గేరిలో మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన నోట ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. దర్జీ ఖాసిం వలి ఉండబట్టలేకపోయాడు.

“ఏమప్పా, అంత మీసం పెట్టుకోని ఇదేం మాట? మేం లేమా?”

“ఉంటారప్పా. వాడు ఎదురుపడినప్పుడు మాత్రం వాడూ నేనే ఉంటాం.”

“అయితే కొన్నాళ్లు మీ కూతురింటికి పో,” అన్నాడు ఎస్సై.

“బనగానపల్లెకా? యాడికి పోయినా తిరిగి ఈడికే వస్తా సారూ. నాకు తెల్సు.”

కోడలు చౌడమ్మ ఇంట్లోంచి వచ్చి మామ పక్కనే కూర్చుంది.

“జైలు నుంచి వాడొస్తాండాడని తెల్సినప్పటి నుంచి ఈయన కూడు తినలేదు, కన్ను మూయలేదు సారూ. ఆ గోడ దిక్కే చూస్తాంటాడు. నా బిడ్డ ఇంటరు సదువుతాండాది. మాకుండేది ఈయనొక్కడే. ఈయన లేకపోతే మేమెట్ల బతకాల?”

ఎస్సై ఫోను తీసి పక్కకు పోయాడు. చాలాసేపు మాట్లాడాడు. వ్యాను డ్రైవరు విసుగ్గా హారను కొట్టాడు.

“ఆపప్పా నీ పీపీ!” అని కసిరింది బషీరాబీ. “ముసలాయన మీద ఎక్కిస్తావా ఏంది?”

రామలింగప్ప తల ఎత్తలేదు. ఫోను పట్టుకున్న ఎస్సై కాళ్లనే చూస్తున్నాడు. ఆ కాళ్లు తన వైపు తిరిగాయి.

“పైవాళ్లు ఒప్పుకున్నారు. ఠాణా ఉంటుంది,” అన్నాడు ఎస్సై. “కానిస్టేబులు శిరీన్, ఇంకొకాయన ఈడే ఉంటారు. ఈరన్న నీ గడప తొక్కితే ఒక్క కేక వెయ్యి, చాలు.”

“తలుపు తీసే ఉంటాదా సారూ?”

“రాత్రీ పగలూ.”

రామలింగప్ప లేచి దండం పెట్టాడు.

“పాపం, ప్రాణభయం,” అంది శిరీన్.

మరుసటి రోజు పొద్దున్నే, ఈరన్న బస్సు దిగకముందే, రామలింగప్ప ఠాణా మెట్లెక్కాడు. వాని కోసం నూరి పెట్టుకున్న వేటకొడవలిని శిరీన్ చేతికిచ్చాడు.