తిరగేసి చూసే మనిషి

యెషయాకు ఒక జబ్బు ఉంది. చేతికి ఏ వస్తువిచ్చినా తిరగేసి అడుగు చూస్తాడు. పెళ్లిచూపుల్లో కాఫీ కప్పును కూడా అలాగే చూశాడు. అందులో ఇంకా సగం కాఫీ ఉంది. చొక్కా మీద ఆ మరక కళ్లారా చూసి కూడా ఈ సంబంధానికి సరేనన్నందుకు ప్రేమమణి ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటుంది.

అతను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పగలంతా పెద్ద ఇంజన్లు, సాయంత్రమైతే బొమ్మ ఇంజన్లు. దేశం విడిచిపోయిన దొరల ఇళ్లలోంచి కీ ఇస్తే పరుగెత్తే రైలు బొమ్మలు సికింద్రాబాద్ పాత సామాన్ల దుకాణాలకు చేరాయి. వాటిలో ఏది మొదటి మోడలో, ఏది రెండోదో చెప్పాలంటే యెషయానే రావాలి. మొదటి మోడల్లో అడుగు రేకుకు ఉన్న చెవులు మడిచి బిగించేవారట. రెండోదానికి స్క్రూలు. ఆ స్క్రూల కోసమే ఈ తిరగేయడమంతా.

అతనికి కావలసింది మాత్రం మొదటి మోడల్ ఒక్కటే. వర్క్‌షాపు దొర దేశం వదిలి పోతూ ఇచ్చిన అలాంటి ఇంజను అతనికొకటి ఉండేది. నలభై ఎనిమిదిలో గొడవలకు భయపడి ఆలుమగలు బెజవాడ వెళ్లారు. బోయిగూడ ఇంటిని ప్రేమమణి తమ్ముడు నోవహుకు అప్పగించారు. అతను ఆసుపత్రిలో కంపౌండరు, ఉద్యోగం వదిలి రాలేకపోయాడు. పోలీస్ యాక్షన్ అయ్యాక తిరిగొచ్చి చూస్తే బీరువా మీద ఇంజను లేదు. రజాకార్లు ఎత్తుకుపోయారని యెషయా అక్కడికక్కడే తేల్చేశాడు. ఇత్తడి బిందెలు వదిలేసి బొమ్మరైలు ఎత్తుకుపోయారా అని ప్రేమమణి అడిగితే, ఆడవాళ్లకు మొదటి మోడల్ విలువ తెలియదన్నాడు.

మూడేళ్లు గడిచాయి. ఒక ఆదివారం నోవహు చర్చి నుంచి నేరుగా వచ్చి, భోజనాల మధ్యలో, కాగితంలో చుట్టి తెచ్చిన ఇంజనును బావ చేతిలో పెట్టాడు. ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. మొదటి మోడల్ దొరికింది, మీకేనన్నాడు. పాస్టరుగారూ, ఇద్దరు సంఘపెద్దలూ ఆ రోజు భోజనానికి వచ్చి ఉన్నారు.

యెషయా తిరగేశాడు.

"పైది మొదటి మోడల్, కిందిది రెండోది. తల ఒకదానిది, మొండెం ఇంకోదానిది. అతుకు కనపడకుండా కొత్త రంగు కొట్టారు. ఈ దొంగసరుకు నాకే అంటగడదామనుకున్నావా నోవహూ?"

నోవహు ముఖం మాడిపోయింది. కలిపిన అన్నం కంచంలోనే వదిలేసి వెళ్లిపోయాడు.

పోలీస్ యాక్షన్ ఐదు రోజుల్లో ముగిసింది. ప్రేమమణి యాక్షన్ నాలుగు నెలలైనా ముగియలేదు. తమ్ముడు తెచ్చిన ఇంజనును ఆ బీరువా మీదే, ఆ ఖాళీలోనే పెట్టి, చెయ్యేస్తే చెయ్యి విరుగుతుందని చెప్పింది. రోజూ భర్త ముందు కంచం బోర్లించి పెట్టేది. ఏ మోడలో చూసుకొని తినమనేది. ఒక్కగానొక్క తమ్ముడు. తన ఇంట్లో, తను వండిన కూర తింటూ, పాస్టరుగారి ఎదుట దొంగ అనిపించుకున్నాడు.

పట్టుబట్టి ఆ బొమ్మల కంపెనీకి ఉత్తరం రాయించింది. ఇంగ్లండు నుంచి జవాబొచ్చింది. యుద్ధంలో బాంబులు పడి రికార్డులు కాలిపోయాయనీ, స్క్రూలు ఎప్పటినుంచి వాడారో చెప్పలేమనీ.

"చేసినవాడే చెప్పలేనంటున్నాడు. మీరు చెప్పారు, నలుగురిలో."

యెషయా ఆ ఉత్తరాన్ని కూడా తిరగేసి చూశాడు. వెనక ఏమీ లేదు.

రెండుసార్లు తమ్ముడి గదికి వెళ్లింది. వదిలెయ్యక్కా అన్నాడు. ఇంజను మాటెత్తితే ముఖం తిప్పేసుకున్నాడు. ఎంత గాయపడితే అలా తిప్పుకుంటాడు అనుకుని ఆమె ఇంటికొచ్చి ఆ పూట కూడా కంచం బోర్లించింది.

ఆపై ఆదివారం చర్చిలో పెళ్లి ప్రకటనలు చదివారు. నోవహుకూ డోరాకూ వివాహం, మొదటి ప్రకటన. ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలపాలన్నారు పాస్టరుగారు. తోడబుట్టిన అక్కకు చెప్పకుండా చేసుకోవడమే అభ్యంతరమని లేచి అరవాలనిపించింది. బెంచీ పట్టుకొని కూర్చుంది. ఇంకో రెండు ఆదివారాలు ఇలాగే చదువుతారు. ఆ తర్వాత అక్కాబావా లేని పెళ్లి.

చర్చి గేటు దాటకముందే భర్తను నిలేసింది.

"ఇప్పుడే వచ్చి వాడి గుమ్మంలో తప్పు ఒప్పుకోండి. లేకపోతే ఆ పెళ్లికి నేనొక్కదాన్నే పోతాను. అటునుంచి మీ ఇంటికి తిరిగి రాను."

స్క్రూలు స్క్రూలే కదా అని గొణగబోయాడు. ఆమె చూసిన చూపుకు సగం మాట మింగేసి రిక్షా పిలిచాడు.

చిలకలగూడలో నోవహు గది. మంచం మీద కూర్చున్నవాడు వీళ్లను చూసి లేచి నిలబడ్డాడు. వర్క్‌షాపులో ఫోర్‌మన్ ముందు కూడా తల వంచని యెషయా గుమ్మం దగ్గరే తల వంచాడు.

"నోవహూ, నా దగ్గర రుజువు లేదు. నీది అసలైన మొదటి మోడలే. ప్రేమతో తెచ్చినదాన్ని తిరగేసి చూసి, నలుగురిలో నిన్ను దొంగను చేశాను. మమ్మల్ని పెళ్లికి పిలువు."

ప్రేమమణి గెలిచింది. గెలిచిన ముఖంతో తమ్ముడివైపు చూసింది. నోవహు పిడికిళ్లు బిగించి ఉన్నాడు. ఆ కోపం ఎవరి మీదో ఆమెకు అర్థం కాలేదు.

"మీరు సరిగ్గానే పట్టారు బావా, తప్పు నాది: కర్ఫ్యూ రోజుల్లో పొద్దుపోక కీ బిగించీ బిగించీ స్ప్రింగు తెంపి, విప్పబోయి చెవులు విరగ్గొట్టి, ఇన్నాళ్లకు ఇంకోదాని అడుగు కొనుక్కొచ్చి స్క్రూలతో బిగించి, కొత్త రంగు కొట్టి మీ చేతిలో పెట్టింది మీ ఇంజనే."