లోపలికి వచ్చేది మీరేనా?

ముందే చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. కామాలు, చుక్కలతో సహా అంతా నిజం.

"ముందు ఆయన్ని బయటికి పంపేద్దాం మేడమ్. తరువాత మీరొక్కరే లోపలికి రండి."

మాట ఫోను స్పీకరులోంచి వచ్చింది. పక్కగదిలో మిషన్ తొక్కుతున్న దర్జీ కాలు ఠక్కున ఆగిపోయింది. ఆ 'ఆయన' తనే. పంపేద్దామంటున్నది భార్య ఆఫీసులో హెల్ప్‌డెస్క్ మనిషి.

"ఎలా పంపాలి?" అని భార్య తాపీగా అడిగింది.

"పైన మూల ఆయన పేరు కనిపిస్తోంది కదా, దాని మీద నొక్కండి. పోతారు."

"పోయారు" అందావిడ. గొంతులో రవ్వంత విచారమైనా లేదు.

ఆవిడ నీళ్ళ బోర్డులో గుమాస్తా. ఆఫీసు మెయిళ్ళన్నీ కొత్త సిస్టమ్‌లోకి మార్చారు. ఆ పని తెమిలేదాకా అందరినీ ఇంటి కంప్యూటర్లోనే చూసుకోమన్నారు. సరిగ్గా ఇప్పుడే ఆవిడను సెక్షన్‌కు హెడ్‌గా వేశారు. ఒప్పుకుంటున్నానని సాయంత్రంలోగా మెయిల్లోనే జవాబివ్వాలి, లేకపోతే ఆ కుర్చీ పక్క సీటాయనకు పోతుంది. ఇంటి కంప్యూటరేమో దర్జీ పేరు మీదే తెరుచుకుంటూ ఆవిడను గుమ్మంలోనే ఆపేస్తోంది.

ఇవన్నీ దర్జీకి తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు మంట చల్లారదు కదా. ఆ మంటకు ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టకుండానే పక్కనున్న చొక్కాలన్నీ ఒక్క ముడత లేకుండా తయారయ్యాయి.

"మీకు ఓపిక ఎక్కువ మేడమ్. పొద్దుట్నుంచి అందరూ నన్ను తిట్టేవాళ్ళే."

"మా ఇంట్లో అలవాటైపోయిందిలెండి" అని ఆవిడ నవ్వింది.

దర్జీ వేలికి సూది గుచ్చుకుంది. ఆ నవ్వు అతను పెళ్ళయిన కొత్తలో విన్నాడు. తరువాత ఎక్కడ పోయిందో అనుకున్నాడు. ఇదిగో, పరాయివాడి ఫోనులో దొరికింది.

అప్పుడే అతని ఫోను కుయ్యిమంది. 'ఎవరో లోపలికి రావాలని చూస్తున్నారు. అది మీరేనా?' అని అడిగింది. కింద అవును, కాదు అని రెండు మీటలు. దర్జీ అబద్ధమాడే మనిషి కాదు. మిషన్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు, ఎక్కడికీ పోవడం లేదు. 'కాదు' నొక్కాడు.

"అయ్యో, మళ్ళీ తోసేసింది" అంది భార్య అవతల.

"ఫర్వాలేదు మేడమ్, ఇంకోసారి చూద్దాం. నేనెక్కడికీ పోను."

పోవయ్యా, పోతే ఎవరేడ్చారు అని దర్జీ పళ్ళు నూరాడు. ఫోను మళ్ళీ అడిగింది. మళ్ళీ కాదన్నాడు, ఈసారి కసిగా. అతను కాదన్నకొద్దీ అవతల ముచ్చట్లు సాగుతూనే ఉన్నాయి. హెల్ప్‌డెస్క్ మనిషికి పూలమొక్కలంటే ప్రాణమట. ఆవిడకూ ప్రాణమేనట. ఈ సంగతి దర్జీకి ఇన్నేళ్ళూ తెలియదు.

చివరికి ఆ గొంతు కాస్త తగ్గింది. "మేడమ్, తప్పు కంప్యూటరుది కాదు. మీ దగ్గరే ఎవరో ప్రతిసారీ కాదంటున్నారు."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. ఆవిడ గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"మీ ఫోను ఏదీ?"

"ఎందుకు?"

"నా ఫోనులో ఆఫీసు యాప్ ఎక్కలేదని మీ దాంట్లో పెట్టాను. నిన్న చెప్పాను కదండీ."

"ఎప్పుడు చెప్పావు?"

"మీరు ఊఁ అన్నప్పుడు."

"నేనెప్పుడూ ఊఁ అంటూనే ఉంటానుగా."

"అందుకే చెప్పాను."

దర్జీ తల గోక్కున్నాడు. "అది మీరేనా అని అడిగింది. నేను కాదు కదా మరి."

"పొద్దు పోతోంది. ఈ ఒక్కసారికి మీరే నేననుకోండి."

ఫోను కుయ్యిమంది. 'అవును' నొక్కాడు. మెయిల్ తెరుచుకుంది. ఆవిడ గబగబా జవాబు కొట్టి పంపింది. కుర్చీ దక్కింది. ఆ సంబరంలో మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

దర్జీ పీడ వదిలిందనుకుని, కంప్యూటర్ పక్కనున్న ఆవిడ ఫోను పెట్టేయబోయాడు.

"సార్, ఒక్కమాట" అన్నాడు హెల్ప్‌డెస్క్ మనిషి. ఇప్పుడా గొంతులో తేనె లేదు, ఏడుపుంది. "నేనూ ఇంటినుంచే పని చేస్తున్నాను. ఒకే మేడమ్‌తో పొద్దస్తమానం ఏం కబుర్లని మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. మీరొక్క ముక్క చెప్పండి సార్. ఆ మేడమ్ భర్తే చెబితే మా ఆవిడ నమ్ముతుంది."

సరేనని దర్జీ ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికి జరిగాడు.

"ఆవిడతో నవ్వుతున్నాడండీ" అంది అవతలి ఇల్లాలు.

"తెలుసమ్మా, ఇటుపక్క నేనూ విన్నాను. లోపల రంపం పెట్టి కోసినట్టుంటుంది."

"అచ్చం అలాగే ఉంది. మీకెలా తెలుసండీ?"

ఇన్నాళ్ళకు దర్జీకి తన బాధ తెలిసిన మనిషి దొరికింది. ఇద్దరూ కలిసి ఆ ఇద్దరినీ తనివితీరా తిట్టుకున్నారు. మనసులు తేలికపడ్డాక, మీరేం చేస్తుంటారని ఆవిడ అడిగింది. దర్జీనన్నాడు. అలాగా అని, తన కొత్త గౌను భుజాల దగ్గర పట్టేస్తోందని, ఎవరికిచ్చినా సరిచేయలేకపోయారని చెప్పుకుంది. వృత్తి ధర్మం కదా, దర్జీ గొంతు దానంతటదే మెత్తబడింది.

"తప్పు కుట్టినవాడిదండీ, మీది కాదు. మీ నడుము ఎంతుంటుందో చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను."

వెనక తలుపు కిర్రుమంది. తువ్వాలు చేత్తో పట్టుకుని భార్య నిలబడి ఉంది. చిరునవ్వు నవ్వుతూ, "ఎవరితోనండీ అంతసేపు?" అని అడిగింది.

ఇందులో నేను కల్పించింది ఆ చిరునవ్వు ఒక్కటే.