కుంటడం తెలిసిన పిట్ట

గుట్ట మీదికి పోయే రాళ్లబాటలో దుప్పిని మించి పరుగెత్తేవాళ్లు లేరు. ఒకనాడు వాన వెలిశాక జారి, దాని ముందుకాలు బెణికింది. పది రోజులు పొదలో పడుకుంది. పదకొండోనాడు ఏమీ కానట్టు మెడ ఎత్తుకుని మళ్లీ బాటెక్కింది.

బాట పక్కన గులకరాళ్ల మధ్య గుడ్లు పొదుగుతున్న తీతువు పిట్ట అది చూసింది.

"కాలు ఇంకా నొప్పిగానే ఉంది కదూ?" అంది.

"నేనేం కుంటడం లేదే" అంది దుప్పి.

"నా దగ్గరా నీ నటన? నక్క ఇటు వచ్చినప్పుడల్లా కుంటినట్టు నటించి, దాన్ని నా గుడ్లకు దూరంగా తీసుకుపోతాను. నేను బాగుండి కుంటుతాను. నువ్వు కుంటుతూ బాగున్నట్టు నడుస్తున్నావు. నా నటన నా పిల్లల కోసం. నీ నటన ఎవరి కోసం?"

దుప్పి ఇక దాచలేదు. కుంటుకుంటూనే వెనక్కి వెళ్లిపోయింది.

తీతువు పిల్లలు ఎగరడం నేర్చిన నాటికి దుప్పి తిరిగొచ్చింది. మెల్లగా పరుగందుకుని సగం గుట్ట ఎక్కింది. పైకొస కళ్లముందే కనిపిస్తున్నా ఆగి, వెనక్కి తిరిగింది.

"అంతేనా? భయపడిపోయింది పాపం" అని పక్క చెట్టు మీది కొండముచ్చు నవ్వింది.

"ఇవాళ్టికి ఇంతే. ఇంకాస్త పోతే మళ్లీ నటించాల్సి వచ్చేది" అంది దుప్పి.

ఎవరొచ్చినా అరిచి గోల చేసే తీతువు, ఆ పూట చప్పుడు చేయకుండా పిల్లలతో సహా పక్కకు జరిగి, దుప్పికి దారి ఇచ్చింది.