మంచువాన చుట్టాలు

"ఇంకా ఎన్ని ఉన్నాయి?" అంది ఆర్డిత్, ఒక చేత్తో తలుపునూ ఇంకో చేత్తో నెత్తిమీది పిట్టనూ పట్టుకుని.

"ఆఁ?" అన్నాడు పక్కింటి ఫెర్నాండ్.

"ఇంకా ఎన్ని ఉన్నాయీ అంటున్నాను."

"పద్నాలుగు వచ్చాయి. ఇంకో ఇరవై తొమ్మిది."

పంజరం గుమ్మంలో దించి, జారే మెట్ల మీంచి మళ్ళీ తన పెరట్లోకి పరుగెత్తాడు. అరవై ఏడేళ్ల మనిషి మంచుగడ్డల మీద అలా పరుగెడుతుంటే తిట్టాలో నవ్వాలో ఆర్డిత్‌కి తెలియలేదు.

తెల్లవారినప్పటి నుంచి మంచువాన. పడిన చినుకు పడినట్టే గడ్డకడుతోంది. మధ్యాహ్నానికి కరెంటు పోయి, ఫెర్నాండ్ పెరట్లోని పక్షుల పెద్ద గూట్లో హీటరు ఆగిపోయింది. గాలి కొట్టకుండా గూటి చుట్టూ బిగించిన ప్లాస్టిక్ పట్టా మంచు బరువుకి చిరిగి వేలాడింది. ఆ వీధి మొత్తానికి కట్టెల పొయ్యి ఉన్నది ఆర్డిత్ ఇంట్లోనే. చీకటిపడేలోగా వెచ్చటి చోటు దొరక్కపోతే ఒక్క పిట్ట కూడా మిగలదు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ పక్షుల గోల భరించలేనని, గూడు పీకించెయ్యమని ఊరి సభకి అర్జీ పెట్టింది కూడా ఆర్డితే. శుక్రవారం విచారణ. రిటైరైన పంతులమ్మ కదా, అర్జీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. 'ఆయనకు చెవుడు, ఏ బాధా లేదు. చెవులున్న పాపానికి శిక్ష నాకు' అని చివర్లో ఒక చురక కూడా అంటించింది.

ఆఖరి పంజరం లోపలికి వచ్చాక ఇద్దరూ పొయ్యి పక్కన కూలబడ్డారు. అంత వేడి దగ్గర కూడా ఫెర్నాండ్ చెవులు కప్పే ఉన్ని టోపీ తీయలేదు.

"ఈ ఒక్క రాత్రికే," అంది ఆర్డిత్.

"ఆఁ?"

"ఒక్క రాత్రికే. శుక్రవారం నాడు నా మాట మాత్రం మారదు."

"న్యాయమే. మీరు మాత్రం ఆ నల్ల పెనం ముట్టుకోకండి."

"నా ఇంట్లో నా పెనం ముట్టుకోవద్దా?"

"ఆ అంటుకోని పెనాలు మాడితే వచ్చే పొగకి పిట్టలు టపటపా రాలిపోతాయి. ఇనప మూకుడుంటే అందులో కానివ్వండి."

ఆర్డిత్ గొణుక్కుంటూనే అటక మీంచి వాళ్ల అమ్మమ్మ నాటి మూకుడు దించింది.

ఒక్క రాత్రి కాస్తా నాలుగయింది. కరెంటు రాలేదు. రెండో రోజు ఒక కౌజు పిట్ట ఆర్డిత్ చెప్పులో గుడ్డు పెట్టింది. ఇంట్లో ఉన్నవి రెండే చెప్పులు కాబట్టి, ఆవిడ ఆ రోజంతా ఒంటి చెప్పుతోనే తిరిగింది. మూడో రోజు కాకటీల్ అనే జుట్టు చిలక ఒకటి టీ కెటిల్ ఈలను అచ్చు గుద్దినట్టు నేర్చుకుని ఆవిడను ఆరుసార్లు పొయ్యి దగ్గరికి పరుగెత్తించింది. ఏడోసారి కదలకుండా కూర్చుంటే నిజం కెటిల్ మాడింది.

"దొంగ వెధవా, పంతులమ్మనే ఆటపట్టిస్తావా?" అని దానికి వేలు చూపించింది. అది వేలెక్కి కూర్చుని మళ్ళీ ఈల వేసింది. ఆర్డిత్ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. అలా నవ్వి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు.

"దీని పేరేమిటండీ?"

"ఆఁ? పేరా? మా ఆవిడ జెలీ ఏదో పిలిచేది," అన్నాడు ఫెర్నాండ్, గింజలు పోస్తూ. "పక్షులన్నీ ఆవిడవే. పోతూ పోతూ నా చేత ఒట్టు వేయించుకుంది. వీటి మీద ప్రాణం పెట్టుకునే మనిషికి తప్ప ఎవరికీ ఇవ్వనని."

అలాంటి పక్షుల మీదా తను అర్జీ పెట్టింది? ఆర్డిత్‌కి సిగ్గేసింది. ఆ సాయంత్రానికల్లా నలభై మూడింటికీ పేర్లు పెట్టేసింది.

శుక్రవారం పొద్దున్న కరెంటొచ్చింది. ఇద్దరూ పక్షులకి మేత పెట్టి, ఆర్డిత్ ఇంటి నుంచే సరాసరి సభకు వెళ్లారు.

"అర్జీ వెనక్కి తీసుకుంటున్నారా?" అన్నాడు అధ్యక్షుడు.

"తీసుకోను," అంది ఆర్డిత్.

హాల్లో గుసగుసలు రేగాయి. ఫెర్నాండ్ తల వంచుకున్నాడు.

"ఇలాంటి చలిలో వీటిని ఆరుబయట ఉంచడమేమిటి? మా ఇంట్లో అద్దాల గది ఖాళీగా ఉంది. ఎండ పడుతుంది, పొయ్యి వేడి అందుతుంది. ఇక అవి నా దగ్గరే ఉంటాయి."

"మరి గోలో?"

"ఏ గోల?" అంది ఆర్డిత్ కళ్లు పెద్దవి చేసి.

"లకాస్ గారూ," అని అధ్యక్షుడు ఫెర్నాండ్ వైపు తిరిగి గొంతు పెంచాడు, "పక్షుల్ని తనకి ఇచ్చేయమంటున్నారు ఈవిడ. మీకు సమ్మతమేనా?"

ఫెర్నాండ్ జేబురుమాలు తీసి మొహం కప్పుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. "జెలీ ఉంటే... ఆవిడా ఈ మాటే అనేది," అని మాత్రం అనగలిగాడు. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు ముక్కులు చీదారు. అతను ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయాడు.

ఆర్డిత్‌కి గెలిచినందుకు గంతులు వేయాలనే ఉంది, కానీ ఒంటరి మనిషికున్న ఒక్క తోడునూ లాగేసుకున్నానే అనిపించింది. రోజూ వచ్చి చూసుకోమని, కావాలంటే భోజనం కూడా అక్కడే చేయమని చెబుదామని వెనకే పరుగెత్తింది.

బయట ఎండ కాస్తోంది. కొమ్మల మీది మంచు కరిగి చుక్కలు చుక్కలుగా రాలుతోంది. కారు పక్కన ఫెర్నాండ్ అటు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆర్డిత్ చప్పుడు కాకుండా దగ్గరికి వెళ్లింది.

అతను టోపీ తీసి, నవ్వుకుంటూ, చెవుల్లోంచి దూది పీకి పారేస్తున్నాడు.