పత్తికి ఒత్తు

ఎమర్జెన్సీ రోజులు. ఊరి మీదుగా పోయిన సైనికుల రైలు గురించి రాసినందుకు ఆదోని వారపత్రిక సంపాదకుడు సేతుమాధవరావును పోలీసులు తీసుకుపోయి ఆరు నెలలైంది. ఆ రాత్రి ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్ ఉచ్చీరప్ప ఒక్కడే ఉన్నాడు. సెన్సారువాళ్లు కొట్టేసిన వార్త చోటు ఖాళీగా వదిలి, ప్రూఫు తీసి బల్లమీద పెట్టాడు.

సారు ఉన్నప్పుడు తప్పు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, "ఒత్తు యాడ పోయిందప్పా?" అని నవ్వేవారు. ఆ మాట వినాలని ఉచ్చీరప్ప ఒక్కోసారి కావాలనే ఒత్తు వదిలేవాడు. ఇవాళా వదిలాడు. 'పత్తి ధరలు' కాస్తా 'పతి ధరలు' అయింది.

చేతులు కడుక్కొని వచ్చాడు. తలుపుకు వేసిన గడియ వేసినట్టే ఉంది. 'పతి' చుట్టూ ఎర్రసున్నా, ఇంకా తడిగా ఉంది.

"సారూ, వచ్చినారా?" అన్నాడు మెల్లగా.

సారు కుర్చీ కిర్రుమంది. ప్రూఫులో ఖాళీ వదిలిన చోట ఎర్రసిరాతో సారు చేతిరాత: "వార్త యాడ పోయిందప్పా?"